ఏడో గది హెర్మీనియా బతికే ఉంది

మెక్సికో నగరం,
1991 సెప్టెంబరు 11

ఒఫేలియా,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. జవాబు ఆలస్యమైతే చాలు, అక్కకి మోకాలు పట్టేసి ఉంటుందని నువ్వు మీ ఆయనతో అనేసి ఉంటావు. మోకాలు బాగానే ఉంది. మా లోగిలికి సినిమా వాళ్ళు వచ్చారు.

ఊళ్ళో ఇన్ని మేడలుండగా వాళ్ళకి మా పదహారు గదుల లోగిలే కావలసి వచ్చింది. ఒక పేటలో ఒకరి బతుకు ఇంకొకరి బతుకుతో ఎలా ముడిపడి ఉంటుందో చూపించే కథట. దర్శకుడికి ముప్ఫై కూడా లేవు. ఎండలో కూడా మెడకి ఉన్ని గుడ్డ చుట్టుకుని తిరుగుతాడు. వచ్చీ రాగానే నడవలో నిలబడి గోడలు చూసి మొహం వేలాడేశాడు. భూకంపంలో పగిలిన చోటల్లా పూడ్చుకుని, ఆగస్టులోనే కదా మేమంతా కలిసి సున్నం వేసుకున్నది. "ఇంత తెల్లగా ఉంటే ఎవరు నమ్ముతారమ్మా?" అన్నాడు. మర్నాడు ఒక పెయింటర్ని తెచ్చి గోడల మీద చెమ్మ మరకలు గీయించడం మొదలుపెట్టాడు.

నేను వెళ్ళి కుంచె లాక్కున్నాను. "బాబూ, ఈ మురికి వదిలించుకోవడానికి మాకు ఆరేళ్ళు పట్టింది. నువ్వు ఒక్క పూటలో మళ్ళీ అంటించేస్తావా?" అన్నాను. దర్శకుడే దిగొచ్చాడు. చివరికి వెళ్ళేటప్పుడు నడవంతా తిరిగి సున్నం వేసి వెళ్తామని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితం నా దగ్గరే ఉంది.

ఇక మీ ఇంటి వెనక గది సంగతి. కిటికీలోంచి నిమ్మచెట్టు కనిపిస్తుందని మూడు ఉత్తరాల్లో రాశావు. చెట్టు మంచిదే, నేను మాత్రం రాను. ఈ ఏడో గది అద్దె చీటీ అమ్మ పోయేముందు నా పేరుకి మార్పించింది. అద్దె పాతకాలం నాటిది, పెంచడానికి వీల్లేదు. నా ప్రాణం ఉన్నంత వరకూ నన్ను ఇక్కడినుంచి లేపడానికీ వీల్లేదు. అందుకే ఇంటివాళ్ళ లాయరు బర్రగాన్ ఎదురుపడ్డప్పుడల్లా "ఆరోగ్యం ఎలా ఉందమ్మా?" అని అంత ప్రేమగా అడుగుతాడు. నేనూ అంతే ప్రేమగా "దివ్యంగా ఉంది నాయనా" అంటాను. పాపం, మొహం వాడిపోతుంది.

మన పిల్ల అంపారోకి ముద్దులు. నిశ్చితార్థం ఎప్పుడో రాయి.

మీ అక్క,
హెర్మీనియా


సయూలా,
సెప్టెంబరు 24

అక్కా,

నీకు అంతా వేళాకోళమే. సినిమాలో నీ మొహం పడనివ్వకు, దండం పెడతాను. సయూలాలో సినిమా హాలు ఒక్కటే. ఊరంతా అక్కడికే వస్తుంది. ఆ నడవా, వరసగా ఆ బట్టలుతికే రాతి తొట్లూ తెర మీద కనబడితే నేను కుర్చీలో ఎలా కూర్చోవాలి?

ఇక్కడ నన్ను డెంటిస్టు అన్సెల్మో గారి భార్య అంటారు. మనది సకతెకాస్ వైపు పొలాలున్న కుటుంబమని అన్సెల్మో వాళ్ళమ్మ పెళ్ళినాడే నలుగురిలో చెప్పేసింది. నేను కాదనలేదు. ఇరవై నాలుగేళ్ళుగా కాదనలేదు. ఇప్పుడు అంపారోని చేసుకోబోయేది నోటరీ దోన్ ఎవరిస్తో కొడుకు. వాళ్ళు మూడు తరాల వంశం ఆరా తీసే మనుషులు. నిశ్చితార్థం ఫిబ్రవరిలో.

నువ్వు అక్కడ పట్టుకుని వేలాడుతున్నది గది కాదక్కా, పంతం. ఇంకోసారి భూమి కదిలితే ఆ కప్పు నీ నెత్తి మీదే పడుతుంది. నాకు ఉన్నది నువ్వొక్కదానివే. ఆ ముక్క నీకు ఎన్నిసార్లు రాసినా ఎక్కదు.

నీ చెల్లెలు,
ఒఫేలియా


మెక్సికో నగరం,
అక్టోబరు 12

ఒఫేలియా,

నా మొహం సినిమాలో పడలేదు, సంతోషించు. నేను చచ్చిపోవడం మాత్రం పడింది. కూర్చుని చదువు.

వాళ్ళ కథలో ఒక ముసలి కుట్టుపని ఆవిడ చనిపోతుందట. దానికి నా గది అడిగారు, నా మిషను అడిగారు, ఇచ్చాను. కిందటి నెల ముప్ఫయ్యో తేదీ, సోమవారం పొద్దున్న ఎవరికీ చెప్పకుండా వీధి గుమ్మానికి నల్ల రిబ్బను కట్టేశారు. నడవలో శవప్పెట్టె, నాలుగు పక్కలా నాలుగు కొవ్వొత్తులు. మన పేటలో గుమ్మానికి నల్ల రిబ్బను కనబడితే ఎవరైనా అడిగి లోపలికొస్తారా? బేకరీ ఆవిడ బుట్టెడు తీపి రొట్టెలతో వచ్చింది. కూరల మనిషి పంచదార తెచ్చాడు. మందుల షాపు దోన్ ప్రోస్పెరో నల్ల టై కట్టుకుని వచ్చాడు. ఆ వెనకే ప్రార్థనలు చదివే దోన్యా త్రినిదాద్ కర్ర తాటించుకుంటూ దిగింది. ఎనభై నాలుగేళ్ళు, కళ్ళు సరిగ్గా ఆనవు. "ఎవరమ్మా పోయింది?" అంటే సినిమా కుర్రాడెవడో "ఏడో గది కుట్టుపని ఆవిడ" అన్నాడు. వాడికి అది కథలో మాట. ఆవిడ మోకాళ్ళ మీద కూలబడి జపమాల అందుకుంది. జనమంతా గొంతు కలిపారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినట్టు, దర్శకుడు కెమెరా ఆపకుండా తీసుకుంటూనే ఉన్నాడు.

నేను కూరగాయల సంచీతో లోపలికొచ్చేసరికి మూడో మాల నడుస్తోంది. నన్ను చూసి బేకరీ ఆవిడ కుర్చీ పట్టుకుంది. దోన్యా త్రినిదాద్ చెవి దగ్గరకి వెళ్ళి, "నేను హెర్మీనియానండీ, బతికే ఉన్నాను" అన్నాను. ఆవిడ తల తిప్పలేదు. "ఉండు తల్లీ. మొదలెట్టిన తొమ్మిది రోజుల ప్రార్థన మధ్యలో ఆపితే ఆ ఇంట్లో నిజంగానే ఒకరు పోతారు. నీకోసమే చెప్తున్నా, వెళ్ళి కాఫీ పెట్టు" అంది.

పెట్టాను, ఏం చెయ్యను. తొమ్మిది సాయంకాలాలు ఈ పేటంతా నా ఆత్మశాంతి కోసం ప్రార్థించింది, నేను కాఫీ పోశాను. చచ్చినవాళ్ళ కళ్ళు చారెడంటారు, ఎంత నిజమో. పదకొండో గది చెలో, నీళ్ళ వంతు కోసం నాతో పదేళ్ళు పోట్లాడిన మనిషి, హెర్మీనియా అంత శాంతమైన ఆడది ఈ వీధిలో పుట్టలేదంది. నేను పక్కనే ఉన్నాను. "కప్పు ఇలా ఇవ్వు" అన్నాను.

పెట్టె కింద నేల మీద సున్నంతో సిలువ గీస్తారు కదా, తొమ్మిదో రోజు దాన్ని ఎత్తాలి. ఎత్తేవాళ్ళు చనిపోయిన మనిషికి దగ్గరివాళ్ళు కావాలి. నాకు ఇక్కడ దగ్గరివాళ్ళు ఎవరున్నారు? చీపురు నేనే పట్టుకున్నాను. నా సిలువ నేనే ఊడ్చి గుడ్డలో మూట కట్టాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ ఒక్క నిమిషం మాత్రం నువ్వు పక్కన ఉంటే బాగుండుననిపించింది. రాసేశాను కాబట్టి కొట్టెయ్యను.

నిన్న సినిమా వాళ్ళు వెళ్ళిపోయారు. సున్నం వెయ్యకుండా వెళ్ళబోతే కాగితం చూపించి ఆపాను. వేసే వెళ్ళారు.

హెర్మీనియా


సయూలా,
అక్టోబరు 23

అక్కా,

నీ ఉత్తరం మొన్న వచ్చింది. అప్పటికి పదకొండు రోజులుగా నేను నల్ల బట్టల్లో ఉన్నాను.

పదో తేదీన లాయరు బర్రగాన్ మా గుమ్మంలోకి వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని, నువ్వు నిద్రలోనే పోయావనీ, ప్రార్థనలన్నీ పద్ధతిగా జరిగాయనీ చెప్పాడు. నేను నమ్మలేదు. మందుల షాపుకి ఫోను చేశాను. దోన్ ప్రోస్పెరో లేడు. కౌంటర్లో ఎవరో కొత్తమ్మాయి, "అవునండీ, ఏడో గది హెర్మీనియాగారికే. మొన్ననే సిలువ ఎత్తారు" అంది. ఇంకేం అడుగుతాను? లాయరు కాగితం ముందు పెట్టాడు. దగ్గరి బంధువుగా నాకు గది మీద ఏ హక్కూ అక్కర్లేదని, నువ్వు మరణించిన సంగతి నిజమని. కళ్ళలో నీళ్ళతో సంతకం చేశాను. ఆ పూట ఏం పెట్టినా చేసేదాన్నే.

నీ ఉత్తరం చూడగానే వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చాను. ఎంత తిట్టుకున్నానో, ఎంత నవ్వానో. అన్సెల్మో పరిగెత్తుకొచ్చాడు. "ఇప్పుడే టెలిగ్రాం కొట్టి ఆ కాగితం రద్దు చేయించు" అన్నాడు.

నేను కొట్టలేదు అక్కా. నిజం చెప్తున్నాను. రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. ఆ గది పోతే పోనీ, అప్పుడైనా నువ్వు నా దగ్గరికి వస్తావు కదా. నేను వెతికి చేసిన పని కాదిది, దానంతట అది జరిగిపోయింది. జరిగినదాన్ని అలాగే ఉండనిద్దాం. గదికి కొత్త పరదాలు కుట్టించాను.

నీ,
ఒఫేలియా


మెక్సికో నగరం,
నవంబరు 4

ఒఫేలియా,

నేను చచ్చానని నమ్మావు, అది నీ తప్పు కాదు. పేట పేటంతా మోకాళ్ళ మీద ఉంటే నువ్వు మాత్రం ఏం చేస్తావు. బతికున్నానని తెలిశాక కూడా చచ్చినట్టే ఉండనిచ్చావు చూడు, అది నీ తప్పు. దానికి పరదాలు కుట్టించావు.

అరవై మూడేళ్ళదాన్ని. పదమూడో ఏట నుంచి నా తిండి నేను కుట్టుకు తింటున్నాను. నన్ను పెరట్లో కుండీలా నీకు కావలసిన చోట పెట్టుకుందామనుకున్నావా?

లాయరు ఒకటో తేదీన కొత్త తాళం పట్టుకుని వచ్చాడు. మర్నాడు చనిపోయినవాళ్ళ పండగ కదా, లోగిలి ఆడవాళ్ళు నడవలో బంతిపూల అరుగు కట్టి, దీపాలు పెట్టి, పైమెట్టు మీద కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టారు. ఒళ్ళో ఆవిరి కక్కే మొక్కజొన్న తమాలెల పళ్ళెం పెట్టారు. "రండి లాయరుగారూ, వేళకి వచ్చారు. చచ్చినవాళ్ళు ఏడాదికోసారి భోజనానికొస్తారు, మీకూ ఒకటి వడ్డించమంటారా?" అన్నాను. చెలో నవ్వాపుకోలేక తొట్టి మీద వాలిపోయింది.

ఆయన నవ్వలేదు. "మీరు హెర్మీనియా అని ఎవరు చెప్పాలి?" అన్నాడు.

"ఇదిగో, లోగిలంతా చెప్తుంది."

"తొమ్మిది రోజులు మీ ఆత్మకి ప్రార్థించింది ఈ లోగిలే కదమ్మా. అప్పుడు అబద్ధమాడారా, ఇప్పుడు ఆడుతున్నారా?"

నేను పళ్ళెం కింద పెట్టి, దిగి వెళ్ళి నా గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. కోర్టులో తేల్చుకోమని ఆయన వెళ్ళిపోయాడు.

కోర్టులో గుమస్తా కూడా అదే పాట పాడాడు. నా గుర్తింపు కాగితాలు భూకంపంలో పోయాయి. ఉన్నది గది చీటీ ఒక్కటే, దాని మీద ఫోటో లేదు. నువ్వు వచ్చి, ఈవిడ నా తోడబుట్టింది, బతికే ఉంది, మేమిద్దరం ఫలానా చోట పుట్టాం అని చెప్పాలి. జనవరి 20న విచారణ. నువ్వు చేసిన సంతకాన్ని నువ్వే తుడవాలి, ఇంకెవరూ తుడవలేరు.

రా. ఇరవై నాలుగేళ్ళలో నిన్ను ఏదీ అడగలేదు. ఇది అడుగుతున్నాను.

హెర్మీనియా


సయూలా,
నవంబరు 19

అక్కా,

రాలేను.

ఈ ఒక్క మాట రాయడానికి పది రోజులు పట్టింది. నన్ను పిరికిదాన్నను, పడతాను. ఆ తొట్టి దగ్గర పంతొమ్మిదేళ్ళ వరకూ ఎవరెవరి దుప్పట్లో ఉతికాను. చేతులకి సబ్బు పుళ్ళు పడితే అమ్మ నిమ్మకాయ రుద్దేది. నువ్వు మిషను దగ్గర కూర్చునేదానివి, నీ చేతులు పొడిగా ఉండేవి. నువ్వు ఆ లోగిలిని ప్రేమించగలవు. నేను అక్కడినుంచి పారిపోయాను, అలా పారిపోయినందుకు ఒక్కరోజు కూడా బాధపడలేదు.

కోర్టులో చెప్పిన మాట కాగితాలకెక్కుతుంది. దోన్ ఎవరిస్తోకి కోర్టుల్లో తెలియని మనిషి లేడు. అంపారో పెళ్ళి నా నోటితో నేనే చెడగొట్టుకోనా?

ఇంకో మాట దాచలేను. నీ ఉత్తరాలు ఎవరివని అంపారో చిన్నప్పుడు అడిగితే, మా ఇంట్లో పనిచేసిన పాత కుట్టుపని మనిషివని చెప్పాను. అది ఇప్పటికీ అదే అనుకుంటోంది.

నీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు గది సిద్ధంగా ఉంది.

ఒఫేలియా


మెక్సికో నగరం,
1992 జనవరి 9

డెంటిస్టు గారి భార్యకు,

మీ ఇంటి పాత కుట్టుపని మనిషి రాస్తున్నది. మీరు తీరిగ్గా చదువుకోవచ్చు.

ఫిబ్రవరి రెండు దగ్గరపడింది. కొవ్వొత్తుల పండగకి బాలయేసు బొమ్మని కొత్త బట్టల్లో గుడికి తీసుకెళ్ళాలి కాబట్టి పేటలో ప్రతి ఇంటి బాలయేసూ ఇప్పుడు నా గదిలోనే ఉన్నాడు. మొత్తం అరవై ఒక్కమంది. పింగాణీవాళ్ళు, చెక్కవాళ్ళు, వేలు విరిగినవాళ్ళు, నాలుగు తరాల ముద్దులకి ముక్కు అరిగిపోయినవాళ్ళు. మంచం మీద వాళ్ళే, అలమరలో వాళ్ళే. నేను కుర్చీలో పడుకుంటున్నాను.

నిన్న మధ్యాహ్నం బర్రగాన్ ఇద్దరు మనుషులతో వచ్చి, విచారణ అయ్యేదాకా గదికి తాళం పడాలన్నాడు. కోర్టు కాగితం ఏదీ అంటే తర్వాత వస్తుందన్నాడు. నేను తలుపు బార్లా తీశాను. "వేసుకోండి. ముందు వీళ్ళని బయటికి తియ్యండి" అన్నాను. ఆ మనుషులిద్దరూ ఈ పేటవాళ్ళే. ఒకడు గడప దగ్గరే టోపీ తీసేశాడు. "అయ్యా, రెండో అరలో ఉన్నది మా అమ్మ పిల్లాడు. ఇంకా బట్టలు తొడగలేదు. బట్టల్లేకుండా ఎత్తితే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు" అన్నాడు. అప్పటికే వీధి గుమ్మంలో ముప్ఫై మంది ఆడవాళ్ళు చేరారు. ఒక్కరూ అరవలేదు. తడి చేతులు తుడుచుకుంటూ నిలబడ్డారంతే. బర్రగాన్ తాళం జేబులో వేసుకుని వెళ్ళాడు.

ఇలా ఎన్నాళ్ళు ఆపగలనో తెలియదు. పండగ దాటితే పిల్లలు ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోతారు, ఆ తర్వాత నా గుమ్మానికి అడ్డం ఎవరూ ఉండరు. అయినా నేను కదలను. కుర్చీతో సహా ఎత్తుకెళ్ళాలి.

ఇరవయ్యో తేదీన దగ్గరి బంధువులు ఎవరని అడుగుతారు. ఎవరూ లేరని చెప్తాను. నా సిలువ నేనే ఎత్తుకున్నదాన్ని, నాకు సాక్షులు కూడా అక్కర్లేదు. దీనికి జవాబు రాయొద్దు.

హెర్మీనియా


సయూలా,
జనవరి 10

అక్కా,

రెండు నెలలుగా నీ దగ్గరనుంచి ఏమీ లేదు. ఏం రాస్తావులే.

నేను ఒక పని చేశాను. అది ముందు నా నోటితో నీకు చెప్పాలి.

నోటరీ ఎదుట ఇచ్చిన వాంగ్మూలమైనా కోర్టు తీసుకుంటుందని అన్సెల్మో కనుక్కున్నాడు. గ్వాదలహారాలో నన్నెరగని నోటరీలు బోలెడుమంది ఉన్నారు, మూడోకంటికి తెలియకుండా పని అయిపోతుంది. బుధవారం బస్టాండుకి వెళ్ళి టికెట్టు కూడా కొన్నాను. బస్సు వచ్చింది. అక్క బతికుందని చెప్పడానికి దొంగతనంగా వెళ్తున్నానేమిటి అనిపించింది. చచ్చిపోయిందని నలుగురిలో నల్లబట్టలు కట్టుకుని తిరిగానే. చర్చిలో దోన్ ఎవరిస్తో భార్య నా చేయి పట్టుకుని, పాపం ఎవరో దూరపు బంధువట కదా అని ఓదార్చిందే. బస్సు వెళ్ళిపోయింది.

తిన్నగా దోన్ ఎవరిస్తో ఆఫీసుకి నడిచాను. ఆవిడ కూడా అక్కడే కూర్చుని ఏదో అల్లుకుంటోంది. నేను చెప్తుంటే గుమస్తా టైపు చేశాడు. తర్వాత పద్ధతి ప్రకారం ఆయన పైకి చదవాలి కదా. తండ్రి మూటలు మోసేవాడు, తల్లి ఇంటింటి బట్టలు ఉతికేది అన్న దగ్గర ఆయన గొంతు తగ్గించాడు. నా పరువు కాపాడదామనే తగ్గించాడేమో, మర్యాదస్థుడు. "గట్టిగా చదవండి, అక్షరం వదలకుండా" అన్నాను. పుట్టిన చోటు అడిగితే, "ఏడో గది. మంత్రసాని వచ్చేలోపే, తొట్లకి ఎదురుగా. మా అక్క నన్ను అందుకుంది. అదీ రాయండి" అన్నాను. ఆవిడ అల్లిక సంచీలో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నిశ్చితార్థం సంగతి వారం తర్వాత మాట్లాడదామని కబురొచ్చింది. అంటే ఏమిటో నాకు తెలుసు. అంపారో రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "పెళ్ళి గురించి కాదమ్మా. నాకొక పెద్దమ్మ ఉందని ఇరవై రెండేళ్ళకా చెప్పడం?" అంది. నీ ఉత్తరాలన్నీ ఒక్కొక్కటీ తీసి చదువుతోంది. చదువుతూ నవ్వుతోంది, నన్ను చూస్తే నవ్వు ఆపేస్తోంది.

భయపడ్డాను అక్కా. కానీ బయటికొచ్చాక సబ్బు కొనడానికి షాపుకి వెళ్ళి, అక్కడి ఆవిడ ఎందుకో నావైపు చూస్తే, నేను తల దించుకోలేదు.

కాగితం కోర్టుకి రిజిస్టరు పోస్టులో వెళ్ళింది. నువ్వు నన్ను క్షమించావో లేదో నాకు తెలియదు, అడగను కూడా.

ఒఫేలియా


మెక్సికో నగరం,
జనవరి 21

ఒఫేలియా,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. నీది ఈ పొద్దున్న చేరింది. నాది నీకు ముందే అంది ఉంటుంది. చింపెయ్యి. చింపకపోయినా సరే, ఆ రోజుకి అది నిజమే.

నిన్న కోర్టులో ఇవేవీ నాకు తెలియవు. గుమస్తా నా పేరు, వయసు అడిగి, "దగ్గరి బంధువులు?" అన్నాడు. "ఎవరూ లేరు" అన్నాను. రాసుకున్నాడు. బర్రగాన్ చిన్నగా దగ్గి, "చూశారా, ఆ హెర్మీనియాకి చెల్లెలుండేది, ఈవిడకి లేదంటోంది" అన్నాడు. నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. అంత కోపం మీద ఉన్నాను మరి.

అప్పుడు జడ్జిగారు ఫైలు తిరగేసి, సయూలా నుంచి ఒక వాంగ్మూలం వచ్చింది అని పైకి చదవడం మొదలుపెట్టారు. వెనక బెంచీల మీద లోగిలి ఆడవాళ్ళు పద్నాలుగు మంది ఉన్నారు. నిన్ను రెండు నెలలుగా నేను తిట్టిన తిట్లన్నీ వాళ్ళు విన్నవే, కొన్ని వాళ్ళు అందించినవే. మంత్రసాని వచ్చేలోపే అన్న దగ్గర చెలో ముక్కు చీదింది. ఆఖర్న నోటరీ పేరు చదివారు. దోన్ ఎవరిస్తో. ఆ పేరు నేను నీ ఉత్తరాల్లో ఎన్నిసార్లు చూశాను. నువ్వు ఏ గడప ఎక్కి ఈ మాటలు చెప్పావో అప్పుడు తెలిసింది.

"ఇందాక బంధువులు లేరన్నారు. ఏది ఉంచమంటారు?" అన్నాడు గుమస్తా.

"కొట్టెయ్యండి. చెల్లెలు ఉంది" అన్నాను.

"ఇందాక ఎందుకు లేదన్నారు?"

"ఇందాక కోపం వచ్చింది. అక్కచెల్లెళ్ళు ఉన్నవాళ్ళకి వస్తుంది."

జడ్జిగారు పెన్ను నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను సజీవురాలినని రాసి ముద్ర వేశారు. గది నాదే. ఆ కాగితాన్ని చెలో లోగిలి దాకా తలకి పైన పట్టుకుని నడిచింది.

మెట్ల మీద బర్రగాన్ ఆగాడు. "మీ ఒక్కరిదీ అయింది, బాగుంది. ఈ భవనం కూలేలా ఉందని పదహారు గదుల మీదా కలిపి దావా వేశాం. మార్చి తొమ్మిదిన విచారణలో ఏం చేస్తారో చూస్తాను" అన్నాడు. ఈసారి ఆరోగ్యం ఎలా ఉందని అడగలేదు. రాత్రికి రాత్రి పోయే మనిషిని కాదని ఆయనకీ అర్థమైందనుకుంటా.

అంపారో పెళ్ళి నావల్ల చెడితే అది నాకు బాధే, దాచను. పిల్ల నా ఉత్తరాలు చదివి నవ్వుతోందన్నావు. ఆ మాట నాలుగుసార్లు చదువుకున్నాను.

పదహారు గదుల కేసుకి సాక్షుల జాబితా ఇమ్మన్నారు, ఈ లోగిలిలో పుట్టి పెరిగినవాళ్ళు కావాలట. మొదటి పేరు నాది రాశాను, రెండోది నీది. ఈసారి కాగితం పంపకు, నువ్వే రా.

మీ అక్క,
హెర్మీనియా